పంజాగుట్టకు పాలు

నా కూతురు ఏడో నెలలోనే పుట్టింది. కిలో రెండు వందల గ్రాములు. దాన్ని పంజాగుట్టలోని ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచి, నన్ను ఆరో రోజున అమీర్‌పేటలో మా ఇంటికి పంపేశారు. వచ్చిన మర్నాడే కుట్లు చీము పట్టాయి, జ్వరం. మెట్లు ఎక్కడం దిగడం మానేసి పడుకోమన్నాడు డాక్టరు. మాది రెండో అంతస్తు. బిడ్డకూ నాకూ మధ్య రెండు కిలోమీటర్లుంటాయేమో, నాకు మాత్రం అది అందని దూరం.

వార్డు బయట ఇంటిమనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి, పిలిస్తే పలకాలి. అక్కడ మా ఆయన కూర్చున్నాడు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇక పాలు మోయడానికి మిగిలింది బోరబండ నుంచి వచ్చిన మా అత్తయ్య. డెబ్బై ఏళ్లు, అరిగిపోయిన మోకాళ్లు. నేను చేతిపంపుతో తీసిన పాలను ఆసుపత్రివాళ్లు ఇచ్చిన చిన్న డబ్బాల్లో పోసి, టైము రాసి, ఐసు పెట్టెలో సర్దితే, ఆవిడ పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి బస్సులో పట్టుకెళ్లేది. మెట్రోలో అయితే ఒక్క స్టేషనే. కానీ ఆ కదిలే మెట్లంటే ఆవిడకు భయం.

బిడ్డకు రెండు గంటలకోసారి గొట్టంలోంచి పది మిల్లీలీటర్లు పోసేవారు. మన లెక్కలో రెండు చెంచాలు. ఒకసారి పొడిపాలు పోస్తే కడుపు ఉబ్బి, రోజంతా సెలైన్ మీద ఉంచారు. అంచేత నా పాలే కావాలి. నాకేమో పాలు సరిగ్గా పడవు. అరగంట తంటాలు పడితే డబ్బా అడుగు తడిసేది.

అలాంటి పాలను మా అత్తయ్య మొదటిరోజే నేలపాలు చేసింది. పాలు గడప దాటుతుంటే దిష్టి తగలకుండా బొగ్గుముక్క వేయడం పాతకాలం అలవాటు. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో బొగ్గెక్కడిది? కింద ఇస్త్రీ బండి అతన్ని అడిగి తెచ్చి, నాకు చెప్పకుండా డబ్బాల మధ్య పెట్టింది. వార్డులో నర్సు పెట్టె తెరిచేసరికి ఐసు నీళ్లు నల్లగా ఉన్నాయట, మూతల నిండా మసి. నెలలు నిండని పిల్లలకు ఇలాంటివి పట్టకూడదని మొత్తం పారబోశారు. ఆ పూట మళ్లీ సెలైనే.

నేను ఊరుకోలేదు. వయసూ వరసా ఏదీ చూడలేదు. మీ దిష్టి సంగతేమో గానీ మీ బొగ్గే నా పిల్ల నోరు కట్టేసింది అన్నాను. ఆవిడ ఇక పెట్టనని చెప్పి ఆ పెట్టెను మూడుసార్లు కడిగింది. అయినా నాకు నమ్మకం లేదు. అప్పట్నుంచి ప్రతిసారీ పోలీసు తనిఖీలాగా పెట్టె తెరిచి, డబ్బాలన్నీ ఎత్తి చూసి గానీ పంపేదాన్ని కాదు.

వారం గడిచింది. ఆ రోజు పన్నెండింటికి ఆవిడ బయల్దేరేసరికి తుంపర పడుతోంది. నాలుగు మెతుకులు తిని వెళ్లమని అననైనా అనలేదు నేను. పావుగంటలో వాన దంచికొట్టింది. ఎదుటి హాస్టల్ బోర్డు కనపడలేదు. మా సందులో బైకుల చక్రాలు మునిగిపోయాయి.

ఒంటిగంటకు మా ఆయన ఫోను. అమ్మ ఇంకా రాలేదన్నాడు. పొద్దున పంపిన పాలు అప్పటితో అయిపోయాయి. మూడింటికి పోయడానికి ఏమీ లేదు. అందకపోతే పొడిపాలే ఇంకోసారి పోసి చూద్దామంటున్నారట. అత్తయ్యకు ఫోను చేశాను. అది మా ఫ్రిజ్ మీదే మోగింది. ఎప్పుడూ చుట్టి ఉంచే ప్లాస్టిక్ కవరు కూడా లేకుండా, ఒట్టి ఫోను. ఇలాంటి మనిషి చేతిలో పాలు పెట్టానే అని తిట్టుకున్నాను. ఆ తిట్టు పూర్తికాకముందే భయం పట్టుకుంది. వానపడితే రోడ్డుమీద మ్యాన్‌హోల్ మూతలు తీసి పెడతారు. మోకాలిలోతు నీళ్లలో అవి ఎక్కడున్నాయో కుర్రవాళ్లకే తెలియదు.

మంచానికీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కుట్లు లాగుతున్నా తెలియలేదు. రెండింటికి మా ఆయన మళ్లీ చేశాడు. వెతకడానికి వెళ్తానన్నాడు.

"నువ్వు అక్కణ్నుంచి కదలకు. పాలొస్తే ఎవరు తీసుకుంటారు?" అన్నాను.

కన్నతల్లి కనపడని మనిషితో అన్నాను ఆ మాట. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడింటికి ఇరవై నిమిషాలుందనగా ఫోను వచ్చింది. అమ్మ వచ్చింది, డబ్బాలు చల్లగానే ఉన్నాయి, నర్సు తీసుకుంది అన్నాడు. అమ్మ కాళ్లకు చెప్పుల్లేవు, మోకాలు చెక్కుకుపోయింది అని పెట్టేశాడు. బిడ్డకు పాలు పోశారనీ, కడుపు ఉబ్బలేదనీ తెలిసేదాకా నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు.

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చాక ఒక్కో ముక్కా అడిగి రాబట్టాను. బస్సు నీళ్లలో ఆగిపోయింది. ఆటోవాళ్లు రామన్నారు. ఫోనుకు చుట్టే ప్లాస్టిక్ కవరును పెట్టె మూతకు కప్పి, నెత్తిన పెట్టుకుని, మెట్రో స్తంభాలు ఒక్కోటే పట్టుకుంటూ నడిచింది. ఒకచోట జారి పడింది. పడ్డా పెట్టెను మాత్రం వదల్లేదు.

తువ్వాలు ఇచ్చి తడిచీర మార్చుకోమన్నాను. బొడ్డున దోపిన కొంగు బయటికి తీసింది. దాని చివర ఒక ముడి, చుట్టూ అరచేయంత నల్లటి మరక. విప్పితే ముక్కలైపోయిన బొగ్గు.

"ఇదేంటత్తయ్యా?"

దొరికిపోయినట్టు చూసింది. "పాలల్ల పెట్టొద్దన్నవ్ గద బిడ్డా. గందుకే నా కొంగుకు కట్టుకున్న. మోసేదాన్ని నేనే గద, దిష్టి తగిలితే నాకు తగలని."

రోజూ కట్టుకుంటున్నారా అని అడిగాను. రోజూ అంది. ఆ వారమంతా నేను పెట్టెలోనే వెతికాను.

మర్నాడు ఆవిడ మోకాలు బూరెలా పొంగింది. ఇవాళ వద్దు, ఎవరినైనా చూద్దామంటే వినలేదు. పొద్దున్నే తలస్నానం చేసి, కుంటుకుంటూ వంటింట్లో పెట్టె కడుగుతోంది. పురిటి మనిషి ఇరవై ఒక్క రోజులు గడప దాటకూడదని నాకు కట్టడి పెట్టింది ఆవిడే. ఆ చప్పుడులోనే తలుపు తీసి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఊపిరి బిగబట్టి కిందికి దిగాను. ఇస్త్రీ బండి అతను ఇస్త్రీపెట్టెలో నిప్పులు రాజేస్తున్నాడు. ఒక బొగ్గుముక్క అడిగాను.

"పాలకా అమ్మా? పెద్దమ్మ రోజు కొంటవోతది."

"పాలకు కాదు," అన్నాను. "పెద్దమ్మకు."

నిప్పు తగలని ముక్క ఒకటి ఏరి ఇచ్చాడు. పైకొచ్చి దాన్ని అత్తయ్య కొంగు చివర నేనే ముడివేశాను. కిందికి దిగినందుకు ఆవిడ కోప్పడింది. ఆ రోజు పెట్టె తెరిచి చూడకుండానే ఆవిడ చేతికిచ్చాను.