ఆక్వా ల్యాబ్‌లో నా కాల్షియం

మొన్నామధ్య ఏలూరులో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నాతో టీ తాగడం కూడా మానేస్తారు!

నాకు కిడ్నీలో రాయి రెండోసారి వచ్చింది కదా. డాక్టరు గారు ఏదో చెప్పారండీ, సగం బుర్రకెక్కలేదు. కిడ్నీ రక్తంలోని కాల్షియాన్ని వడగట్టి, దాదాపు అంతా మళ్ళీ రక్తంలోకే లాక్కుంటుందట. కాస్తే బయటికి వదుల్తుందట. ఎంత లాక్కోవాలో మెడలో ఉన్న చిన్న గ్రంథులు చెప్తాయట!

"మెడకీ కిడ్నీకీ ఏం సంబంధమండీ?" అన్నాను.

"గ్రంథుల్లో తేడా ఉంటే మెడకి ఆపరేషన్ చెయ్యాలి. రక్తం ఇచ్చారుగా, ఒక రోజంతా వచ్చిన యూరిన్ కూడా క్యానులో పట్టి ల్యాబ్‌లో ఇవ్వండి, తేలిపోతుంది" అన్నారు.

మెడకి ఆపరేషనా! రాయి ఒకచోట, కోత ఇంకోచోట!

సరే, పట్టాను. అదే రోజు మా చేపల చెరువు నీళ్ళు కూడా ఆక్వా ల్యాబ్‌లో ఇవ్వాలి. రెండూ తెల్ల క్యాన్లే. బండికి అటొకటి, ఇటొకటి తగిలించాను. భీమడోలులో టీకి ఆగినప్పుడు, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని రెండూ దింపి పక్కన పెట్టుకున్నాను. ఎవడెత్తుకుపోతాడండీ దాన్ని! మళ్ళీ తగిలించేటప్పుడే కొంప మునిగింది.

మధ్యాహ్నం ఆక్వా ల్యాబ్ ఆయన ఫోన్. "ఏవండీ, మీ చేపలు ఇంకా బతికే ఉన్నాయా? ఇంత అమ్మోనియా నా సర్వీసులో చూళ్ళేదండీ!"

ఇంటికి ఫోన్ చేసి "ఏమేవ్, చెరువుకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ వేయించు, చేపలు పట్టేయడానికి మనుషుల్ని పిలువు!" అని అరిచాను.

"చేపలు హాయిగా తిరుగుతున్నాయండీ. మీకేమైంది?" అంది మా ఆవిడ.

ఇంతలో యూరిన్ ఇచ్చిన ల్యాబ్ నుంచి ఇంకో ఫోన్. "మనిషి యూరిన్‌లో ఉండాల్సినవేవీ ఇందులో లేవండీ. పైగా నాచు ఉంది."

నాచా! నా కిడ్నీలో నాచు పట్టేసిందనుకుని రోడ్డు పక్కనే కూలబడ్డానంటే నమ్మండి. బల్బు వెలగడానికి అయిదు నిమిషాలు పట్టింది.

మళ్ళీ పట్టి ఇచ్చాను. గ్రంథుల్లో తేడా లేదు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. బతికిపోయాను! ఉప్పు ఎక్కువ తింటే కిడ్నీ కాల్షియాన్ని సరిగా లాక్కోదట. ఉప్పు తగ్గించి, నీళ్ళు బాగా తాగమన్నారు.

ఆక్వా ల్యాబ్ ఆయనకి మాత్రం నిజం చెప్పే మొహం ఏదండీ? నిన్న పదిమంది రైతుల మధ్య పట్టుకుని అడిగారు, "ఆ చెరువు ఎలా ఉందండీ?"

"ఉప్పు తగ్గించి, నీళ్ళు పెంచానండీ. తేరుకుంటోంది" అన్నాను.

"మంచి పని చేశారు. వచ్చే వారం మళ్ళీ ఆ చెరువుదే శాంపిల్ తీసుకురండి" అన్నారు.

ఇప్పుడు ఏ క్యాను పట్టుకెళ్ళాలో మీరే చెప్పండి!