దడి అవతలి ఆమెన్

నా చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగేది. అమలాపురం దగ్గర పల్లె మాది. మిగతా వాళ్ళం లోలోపల గొణుక్కుంటే, మా నాయనమ్మ మాత్రం కొబ్బరాకుల దడి పక్కన చాప వేసుకుని, వీధంతా వినేటట్టు ప్రార్థించేది. దేవుడికి చెముడేమోనని నాకు అనుమానం. ఒకసారి అడిగేశాను కూడా.

"ఆయనకి బాగానే వినబడుద్దే. నువ్వు కళ్ళు మూసుకో" అంది.

దడి అవతలి ఇల్లు కూడా మా చర్చివాళ్ళదే. ఆ ఇంటికి పి.గన్నవరం నుంచి కొత్త కోడలు వచ్చింది. అత్తగారి నోటికి అందరూ జడిసేవారు. అన్నం మెత్తబడినా, చారు పలచనైనా 'చేతకానిదానా' అన్న మాట తప్పేది కాదు. విని విని ఆ పిల్ల తనకు నిజంగానే ఏదీ చేతకాదనుకుంది. ఒకనాడు మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని అన్నయ్యకు కబురు పెట్టిందట, ఇక తిరిగి రాదట. నాయనమ్మ నీతులేవీ చెప్పలేదు. కాఫీ ఇచ్చి పంపేసింది.

ఆ సాయంత్రం ఆవిడ గొంతు మరీ పెరిగింది. "ప్రభువా, నాకు జ్వరమొస్తే ఆ కోడలుపిల్ల గంజి కాచి, చల్లార్చి మరీ తెచ్చింది. నీకు స్తోత్రం" అంది. మర్నాడు అత్తగారి వంతు. "పెనిమిటి పోయినా మా వదినగారు ముగ్గురు పిల్లల్ని పస్తు పెట్టకుండా పెంచుకొచ్చేరు. ఆ రెక్కల కష్టం నువ్వు చూసేవు తండ్రీ." అలా రోజుకొకరి మంచి. ఒక్క మాటా కల్పించేది కాదు, దేవుడితో చెప్పే మాట కదా. అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

శనివారం వచ్చింది. "ఆ పిల్ల మనసు ఎంత కష్టపడ్డా, అత్తగారి మీద ఒక్క మాట తూలలేదు ప్రభువా" అంది నాయనమ్మ. దడి అవతల నుంచి బొంగురు గొంతు "ఆమెన్" అంది. అత్తగారు! కాసేపటికి సన్నగా, తడిగా ఇంకో ఆమెన్. నాకు నవ్వొచ్చింది, నాయనమ్మ తొడపాశం పెట్టింది.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. చెల్లెలు వండిన చేపల పులుసు అత్తగారే కొసరి కొసరి వడ్డించారు. తిని ఒక్కడే వెళ్ళాడు. ఆవిడ నోరు పూర్తిగా తగ్గిందని చెప్పను గానీ, 'చేతకానిదానా' అన్న మాట మళ్ళీ వినబడలేదు.

ఆ ప్రార్థనల్లో నా పేరూ వచ్చేది. నా మంచిని అంత గట్టిగా దేవుడితో చెప్పినవాళ్ళు మళ్ళీ నాకు దొరకలేదు. దడి ఉన్నచోట ఇప్పుడు సిమెంటు గోడ ఉంది. నేనూ పక్కవాళ్ళ మంచిని పైకే చెప్పి ప్రార్థిస్తాను. చెప్పాక కాస్త ఆగుతాను, గోడ అవతల ఎవరైనా ఆమెన్ అంటారేమోనని.