తోలు బేరింగు

మొన్న టీవీలో ఒక పెద్దమనిషి పాతకాలపు కారు ఇంజను విప్పుతూ కనిపించాడు. తెల్లటి చేతొడుగులు, పక్కన తెల్లటి గుడ్డ. క్రాంక్ షాఫ్టు బేరింగులను తీసి అత్తరు సీసాల్లా ఆ గుడ్డమీద పేరుస్తున్నాడు. నేను టీవీ కట్టేసి, వెళ్లి చేతులు కడుక్కున్నాను. నేను చూసిన బేరింగుల పనిలో తెల్లగా ఉన్నవి మా చిన్నాయన కళ్లొక్కటే, అవీ మధ్యాహ్నందాకానే.

గుడియాత్తంలో చిన్నాయనకు లుంగీల వ్యాపారమూ, ఒక ముసలి కారూ ఉండేవి. మద్రాసు రాష్ట్రంనుంచి ఆంధ్ర వేరుపడ్డాక, మా వైపు ఊళ్లు ఎటు చేరాలో జనాన్ని అడగడానికి అధికారులు వేలూరికి వస్తున్నారని తెలిసింది. మా వీధి తెలుగువాళ్ల తరఫున మాట్లాడవలసింది చిన్నాయన. "బస్సులో పోతే మనల్ని ఎవురు లెక్కపెడతారప్పా? సొంత కారులో దిగల్ల!" అని ఊరంతా చాటేశాడు. కారు మాత్రం కొన్నాళ్లుగా కడుపులో ఎవరో రోకలిపోటు వేస్తున్నట్టు మోగుతోంది.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున దాన్ని ఇటుకలమీదికి ఎత్తి, సెలవులకు కాలేజీనుంచి వచ్చిన నన్ను కిందికి తోశాడు. నూనె తొట్టి విప్పగానే ఏళ్లనాటి నల్లటి మడ్డి పాకంలా సాగి నా మెడలోకి దిగింది. కొంత నోట్లోకీ వచ్చింది. రుచి గురించి రాయను, ఇది భోజనానికి ముందు చదివేవాళ్లూ ఉంటారు. మూతల బోల్టులు ఊడదీస్తే బేరింగుల కింది సగాలు చేతికొచ్చాయి, దోసబద్దల్లా. పై సగాలు షాఫ్టు వెనక దాక్కున్నాయి. షాఫ్టు నూనె రంధ్రంలో చీల పెట్టి, చిన్నాయన ముందునుంచి హ్యాండిలు తిప్పితే, ఆ చీల నెట్టగా అవి ఒక్కొక్కటే నా ముక్కుమీద పడ్డాయి. వాటిలో ఒకటి గజ్జిపట్టినట్టు పొరలు పొరలుగా రాలిపోతోంది.

"కొత్తది మద్రాసునుంచి తెప్పించాలి," అన్నాను.

"అంత టైము యాడుండాది?" అంటూ చిన్నాయన పేర్ణాంబట్టులో తోళ్లు పదునుచేసే స్నేహితుడి దగ్గరికి వెళ్లి, చేపకంపును మరిపించే తోలుముక్క ఒకటి తెచ్చాడు. "ఎద్దు తోలురా అబ్బయా! చెప్పుల్లో ఏండ్లు నలిగినా చావదు, ఇంజన్లో ఒక దినం ఉండలేదా?"

ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు మాది. పిన్నమ్మ ముక్కు మూసుకుని వాకిట్లోకి వచ్చింది. "దాన్ని నా ఆముదం గిన్నెలో నానేసినావంటే, కారులోనే కాపురం పెట్టుకో. పాడుగాను నీ దొరతనం!"

నానేశాడు. అరిగిన బేరింగు స్థానంలో బిగించాడు.

మర్నాడు కారు నిజంగానే మోత మానేసింది. చిన్నాయన ఇస్త్రీ చొక్కాలో మహారాజులా కూర్చున్నాడు. దారిలో కే.వి.కుప్పం చేరేసరికి నూనెలో తోలు వేగడం మొదలైంది. జన్మలో మాంసం ముట్టని మేమిద్దరం మాంసం పొగలో కూర్చున్నాం. వీధికుక్కలు వెంటపడ్డాయి. టీ కొట్టతను మర్యాదగా అడిగాడు: "బిరియానీ యాడికి తీసకపోతా ఉండారు సామీ?" చిన్నాయన జవాబుగా తల బయటపెట్టి వాంతి చేసుకున్నాడు. ఆ వెంటే రోకలిపోటు తిరిగి మొదలై, ఇంజను పట్టేసి కారు నిలిచిపోయింది.

చివరికి బస్సులోనే వెళ్లాం, ఆ కంపుతోనే. వేలూరులో చిన్నాయన గొంతు సవరించుకుని ముందుకు రాగానే అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "సరి, సరి, తెలిసింది," అన్నాడు. చిన్నాయన ఇంకా నోరు తెరవలేదు.

మా ఊరు మద్రాసు వైపే మిగిలిందని అందరికీ తెలుసు. అది ఆ తోలు వల్లేనని నేను అనను. చిన్నాయన మాత్రం పోయేదాకా అన్నాడు. కాలం ఆయన్నీ, కారునూ, ఆ తగాదానూ అరగదీసేసింది. నా ముక్కులోని ఆ కంపు దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు.