లింగన్న కాక శ్రావ్యకు చెప్పకుండా తిరిగిన పన్నెండు రోజులు

చెడ్డవార్త దాచిపెట్టడం ప్రేమ ఎట్లా అవుతుంది?

పంతొమ్మిదేళ్ల వయసు నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. నిన్న పొద్దున మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడింది.

కాలేజీకి క్లాసు చెప్పడానికి బయల్దేరుతుంటే జగిత్యాల నుంచి పెద్దనాన్న ఫోన్. "మీ కాక పోయిండు బిడ్డా."

నేనింకా గోడ పట్టుకుని నిలబడే ఉన్నాను, వెంటనే రెండో మాట.

"శ్రావ్యకు ఇప్పుడే చెప్పకు. సీరియస్ అని చెప్పి ఫ్లైట్ ఎక్కియ్యి."

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

లింగన్న మా నాన్న తమ్ముడు, నాకు కాక. ఒమన్‌లోని రుస్తాఖ్ అనే ఊళ్లో ఇరవై ఏళ్లు మేస్త్రీ పని చేసి ఇంటికి వెళ్లిపోయాడు. శ్రావ్య ఆయన ఒక్కగానొక్క కూతురు. చిన్నమ్మ పోయి ఆరేళ్లు. ఇప్పుడు మస్కట్‌లో జియాలజీ చదువుతూ అజైబాలో నాతోనే ఉంటోంది.

పోయిన ఈద్ సెలవులకు బాపును విజిట్ వీసా మీద తనే పిలిపించుకుంది. ఎక్కడెక్కడ తిప్పాలో లిస్టు రాసి ఫ్రిజ్‌కు అంటించింది.

ఆయన దిగిన రోజు, ఎయిర్‌పోర్ట్‌లో శ్రావ్య కారు తేవడానికి పార్కింగ్‌కు వెళ్లింది. కాక నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకున్నాడు.

"కడుపుల గడ్డ అంట. డాక్టర్ లాభం లేదన్నడు. పిల్లకు చెప్పకు. ఈ పన్నెండు రోజులు నన్ను బాపు లెక్కనే చూడనియ్యి. పేషెంట్ లెక్క కాదు."

ఒట్టేశాను. కారు వచ్చేసింది.

రుస్తాఖ్ కోటకు వెళ్లాం. అన్నేళ్లు ఆ ఊళ్లోనే ఉండి, లోపలికి ఒక్కసారీ పోలేదట. "డ్యూటీకి పోతుంటె రోజూ కనవడేది. యాడికి పోతది, మల్ల చూద్దాం అనుకున్న."

దారిలో ఒక స్కూలు కాంపౌండ్ గోడ దగ్గర కారు ఆపించాడు. దిగి, గోడకు అరచేయి ఆనించి చూశాడు. "నాదే. ఇంక పగల్లేదు."

శ్రావ్య ఆ గోడ వెనక కొండ చూపించి ఏవో రాళ్ల పేర్లు చెబుతుంటే, "నేను మోసిన రాళ్లనే నువ్వు పుస్తకాలు పెట్టి సదువుతున్నవా బిడ్డా" అని నవ్వాడు.

ఆ నవ్వు నా ఫోన్‌లో ఉంది. చూడలేకపోతున్నాను.

కోట మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. మోకాళ్ల నొప్పి అన్నాడు.

శ్రావ్య పైనుంచి: "అన్నేండ్లు సిమెంటు బస్తాలు మోసినవ్, ఇరవై మెట్లు ఎక్కలేవా బాపూ? యాక్టింగ్ చేస్తున్నవ్."

ఆయన ఎక్కాడు.

ఆయన విడిచిన చెప్పులు పట్టుకుని, నోరు మూసుకుని, వెనకే నేనూ ఎక్కాను.

ఖురియాత్‌లో సముద్రం ఒడ్డున చేపల హోటల్. శ్రావ్య ఫోటోలకని లేచినప్పుడల్లా కాక ముక్క తర్వాత ముక్క టేబుల్ కింద పిల్లులకు వేశాడు. "బాపు మొత్తం తిన్నడు అక్కా" అని పిల్ల సంబరపడిపోయింది. ఖాళీ ప్లేటుతో ఆయన ఫోటో మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది.

మా వాళ్లంతా లైక్ కొట్టారు. నేనూ లవ్ సింబల్ పెట్టాను.

కాకా, నీ మీద నాకు కోపం.

నువ్వు గల్ఫ్ వెళ్లిన మొదటి సంవత్సరమే నానమ్మ చనిపోయింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మన ఇళ్లల్లో ఫోన్‌లో చావు చెప్పరు. పని వదిలేసి వస్తారని. ఒక్కరే ఉండి ఏమైపోతారోనని. నువ్వు ప్రతి శుక్రవారం ఫోన్ చేసి "అమ్మకియ్యి" అనేవాడివి. పెద్దనాన్న రిసీవర్ నా చేతిలో పెట్టేవాడు. కాలేజీ పిల్ల, తడబడదు అని.

"నానమ్మ పండుకుంది కాకా."

ఏడు శుక్రవారాలు చెప్పాను.

లీవ్‌లో వచ్చి గోడ మీద దండేసిన ఫోటో చూశావు. రెండు రోజులయ్యాక, "ఇగ మనింట్ల ఎవ్వరికి గిట్ల చెయ్యద్దు సుజాతా" అన్నావు. అంతే.

మరి నువ్వెందుకు చేశావు?

అందరిలో నన్నే ఎందుకు ఎంచుకున్నావు? అబద్ధం బాగా చెబుతానని ఆ ఏడు వారాల్లోనే నీకు తెలిసిపోయిందా?

పెద్దనాన్నా, నీ మీద కూడా కోపం. సీరియస్ అని చెప్పి ఎంతమందిని విమానం ఎక్కించాం మనం? దారంతా దేవుళ్లకు మొక్కుకుంటూ వచ్చి, శంషాబాద్‌లో మన మొహాలు చూసి తెలుసుకున్నవాళ్లు ఎంతమంది?

నిన్న నేను సీరియస్ అని చెప్పలేదు. గదిలోకి వెళ్లి, "బాపు పోయిండు శ్రావ్యా" అన్నాను.

ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి వచ్చి అడిగింది. "కడుపుల గడ్డ అంటున్నరు. నీకెప్పటిసంది ఎరుక అక్కా?"

"ఎయిర్‌పోర్ట్‌ల చెప్పిండు."

"మెట్ల కాడ గూడ ఎరుకనా?"

"ఎరుకే."

"అయినా నన్ను ఆ మాట అననిచ్చినవ్."

బ్యాగు సర్దుకుంది. నేను నా పాస్‌పోర్ట్ తీస్తుంటే, తల ఎత్తకుండానే, "నువ్వు నాతోని రాకు" అంది.

ఈరోజు అక్కడ అంత్యక్రియలు. నేను ఇక్కడ బాల్కనీలో ఆరిన శ్రావ్య చున్నీలు తీసి మడతపెట్టాను. లిస్టు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. రెండు ఊళ్లు మిగిలాయి.

శ్రావ్యా, ఎప్పుడైనా ఇది చదివితే ఒక్కటి విను. మెట్ల మీద నువ్వన్న మాట నీది కాదు. తెలిసి నోరు మూసుకున్న మా ఇద్దరిదీ. దాన్ని నువ్వు మోయకు.

ఎయిర్‌పోర్ట్‌లోనే చెప్పి ఉంటే నీకు నిజం దక్కేది. ఆ గోడ దగ్గర నవ్విన బాపు దక్కేవాడు కాదేమో. ఆ రెండింటిలో నీకు ఏది ఇవ్వాల్సిందో, నాకు ఇప్పటికీ తేలడం లేదు.

పోయిరా కాకా. ఇక ఎవరి కోసమూ మెట్లు ఎక్కే పని లేదు. ఎక్కడున్నా నెమ్మదిగా కూర్చో.