దుబాయి డబ్బా

ముందు పోయినవి చెప్పుకుంటాను. అమ్మ పేరు చుక్కల అక్షరాలతో చెక్కి ఉన్న స్టీలు సామానులో రెండు పెద్ద గిన్నెలు, నాలుగరల క్యారేజీ ఒకటి, పులిహోర కలిపే బేసిను ఒకటి, ఆరు గ్లాసుల్లో నాలుగు. సామాను కానివాటిలో దోహా నడిబొడ్డున మన్సూరాలో మేమున్న మూడంతస్తుల భవనం, దాని మెట్ల కింద మేము దాక్కునే మూల, అల్ ఖోర్ ఒడ్డున మా చాపలు పరుచుకునే ఇసుక మిట్ట, ఉప్పుగాలిలో కలిసి వచ్చే కిరోసిన్ స్టవ్వు వాసన. మనుషుల్లో రాజేశం బాబాయి, ఆ తరవాత అమ్మ. ఇంత పోయాక ఏం మిగిలిందా అని చూస్తే ఈ డబ్బా మిగిలింది. తీరా చూస్తే ఇది మాది కాదు.

వచ్చే శుక్రవారం మా ఇంట్లో దసరా. దోహా పక్కన వక్రాలో మా వంటింటి పై అలమర నుంచి పెద్ద గిన్నెలు దింపుతుంటే వాటి వెనక నుంచి డబ్బా కూడా వచ్చింది. మూత బిగుతు. చెంచా కాడతో చుట్టూ తట్టి లేపితే, పిండివంటలు ఖాళీ అయి ఏళ్ళయినా ఇంకా పోని నువ్వుల వాసన, వాము వాసన. ఒంటి మీద 'సరోజ, జగిత్యాల' అని చెక్కి ఉంది. చెక్కినవాడు 'ల'కి తలకట్టు పెట్టబోయి చుక్కలు తప్పి పక్కకి జారాడు.

నేను లెక్కలు పుస్తకంలో చూసి నేర్చుకున్నదాన్ని కాదు. బళ్ళో ఆ సబ్జెక్టులో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. అయినా ఈ ఊళ్ళో మనవాళ్ళు పదిమందిని పిలిచినా, వందమందిని పిలిచినా బియ్యం ఎంత పొయ్యాలి, పప్పు ఎంత నానెయ్యాలి అని నాకే ఫోన్ చేస్తారు. ఆ విద్య నాకు మన్సూరా ఇంటి గుమ్మం దగ్గర, చెప్పుల మధ్య నిలబడి వచ్చింది.

మా చిన్నప్పుడు పండగ ఏ తిథికి వచ్చినా మాకు మాత్రం శుక్రవారమే వచ్చేది. సెలవు ఆ ఒక్కరోజే కనక దసరాను రెండురోజులు ముందుకి జరిపేవాళ్ళం, దీపావళిని మూడురోజులు వెనక్కి నెట్టేవాళ్ళం. కాకినాడలో మా మామ్మ ఉత్తరంలో 'అక్కడ పంచాంగం కూడా కంపెనీవాళ్ళదేనా' అని అడిగింది. దసరా నాటికి ఎండ తగ్గుముఖం పట్టేది. ఎన్నో నెలలు ఆగకుండా గురకపెట్టిన ఏసీని నాన్న ఒకరోజు పొద్దున్నే ఆపేసి కిటికీలు తెరిచేవారు. అప్పుడు వీధి ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చేది. కింద రొట్టెల కొట్టువాడి అరుపు, ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టల సబ్బు వాసన, వానలేని ఊరి దుమ్ము వాసన. ఆ ఏసీ ఆగిన నిశ్శబ్దమే నాకు పండగ మొదలైనట్టు గుర్తు. ఈనాటికీ అంతే.

అమ్మ నాన్న ఆఫీసువాళ్ళని పిలిచేది, పక్క వీధిలో ఉన్న విజయవాడ వాళ్ళని పిలిచేది. రాజేశం బాబాయి అల్ ఖోర్ నుంచి కంపెనీ పికప్‌లో భార్య సరోజ చిన్నమ్మని ముందు కూర్చోబెట్టుకుని, వెనక పనివాళ్ళ క్యాంపులో ఉండే జగిత్యాల వైపు మనుషుల్ని ఎక్కించుకుని వచ్చేవాడు. వాళ్ళు మాకు చుట్టాలు కారు. నాన్న సైట్ ఆఫీసులో డ్రాయింగులు గీస్తే, ఆ సైట్లో క్రేను నడిపేవాడు బాబాయి. అదే చుట్టరికం. ఎంతమందిని తెస్తాడో ఆయనకే తెలిసేది కాదు. అందుకని అమ్మ ఎసరు పెట్టి, నన్ను గుమ్మం దగ్గరికి పంపేది.

"వెళ్ళి చెప్పులు లెక్కెట్టుకు రావే!"

మనుషుల్ని లెక్కపెడితే దిష్టి అని అమ్మ నమ్మకం. చెప్పులకి దిష్టి లేదు. బూట్ల జతకి ఒక గ్లాసు బియ్యం, చెప్పుల జతకి అరగ్లాసు, పిల్లల చెప్పులకి పావు. క్యాంపు మనుషులు పండగపూట కూడా డ్యూటీ బూట్లే వేసుకొచ్చేవారు, వాళ్ళకి ఇంటి తిండి దొరికి ఎన్నాళ్ళయిందో అమ్మకి తెలుసు. నేను పరిగెత్తుకెళ్ళి చెప్పేదాన్ని. ఒకసారి నా లెక్క తక్కువొచ్చి అన్నం చాలలేదు. అమ్మ రెండోసారి ఎసరు పెడుతూ, చంకనెక్కి వచ్చినవాళ్ళకి చెప్పులుండవని నాకప్పుడు చెప్పింది. ఆ రోజు నుంచి తలుపు దగ్గరే నిలబడి చంకలు కూడా చూసేదాన్ని.

సోఫాలు బాల్కనీలోకి పోయేవి. హాలంతా పాత పేపర్లు పరిచి, వాటి మీద విస్తర్లకు బదులు కాగితం ప్లేట్లు. సరోజ చిన్నమ్మ బతుకమ్మను ఇత్తడి పళ్ళెంలో పేర్చి, ఒళ్ళో పెట్టుకుని వచ్చేది. తంగేడు ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ? మార్కెట్లో దొరికిన నాలుగు బంతిపూలు పైన పెట్టి, కింద వరసలన్నీ రంగు కాగితాలతో కట్టేది. ఆడవాళ్ళు హాల్లోనే చుట్టూ తిరిగి ఆడేవారు. కింది ఫ్లాటు ఆయన ఏమంటాడోనని చప్పట్లు మెల్లగా కొట్టేవారు. తరవాత ఊరేగింపుగా మా బాత్‌రూముకి వెళ్ళి, నిండా నీళ్ళు పట్టిన టబ్బులో బతుకమ్మను వదిలేవారు. రంగులన్నీ కరిగి నీళ్ళు ఊదారంగుకి తిరిగేవి. టబ్బుకి పట్టిన ఆ రంగు వారం దాకా వదిలేది కాదు, నాన్న సణుగుడు కూడా.

భోజనాల దగ్గర ఏటా ఒకే తగాదా.

"బొబ్బట్టు ఇంకోటి వెయ్యనా సరోజా?" అనేది అమ్మ.

"బొబ్బట్టు వద్దక్కా. పోలె ఉంటె ఎయ్యి."

"రెండూ ఒకటేనే మొద్దూ!"

"ఒక్కటే అయితె పోలె అనరాదు మరి, నీ నోరేమన్న పోతదా?"

బాబాయి ఆ సందులో రెండూ తినేసి, "నాకు పేరుతోటి పని లేదు, నెయ్యితోటే పని" అనేవాడు.

పండగ అయ్యాక గిన్నెలు కదిలేవి. చిన్నమ్మ మలీద ముద్దలు తెచ్చిన డబ్బా మా ఇంట్లో ఉండిపోయేది, అమ్మ పులిహోర కట్టిచ్చిన బేసిను అల్ ఖోర్ వెళ్ళేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు. ఈ ఒక్క విషయంలో కాకినాడకీ జగిత్యాలకీ తేడా లేదు. బేసిను తిరిగొచ్చినప్పుడు అందులో సర్వపిండి ఉండేది, దాన్ని తెచ్చిన సంచీలో మా జంతికలు వెళ్ళేవి. ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో పేర్లు చూస్తే తప్ప తెలిసేది కాదు. ఎప్పుడూ అటొకటి, ఇటొకటి ఉండనే ఉండేవి.

దసరా నుంచి ఉగాది దాకా మాకు షికార్ల కాలం. శుక్రవారం పొద్దున్నే నాన్న పాత కారులో చాపలు, నీళ్ళ క్యానులు, స్టవ్వు ఎక్కించుకుని అల్ ఖోర్ బయల్దేరేవాళ్ళం. దారికి రెండు వైపులా ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేనితనాన్ని కిటికీలోంచి చూస్తూ చెల్లి నిద్రపోయేది, నేను కరెంటు స్తంభాలు లెక్కపెట్టేదాన్ని. అక్కడ సముద్రపు పాయల్లో మడచెట్లు ఉండేవి. వాటిని మొదటిసారి చూసినప్పుడు అమ్మ చెప్పులు విప్పేసి బురదలోకి దిగిపోయింది. అవే చెట్లు కాకినాడ పక్కన కోరంగిలో ఉన్నాయట. పొద్దంతా అక్కడ పని ఏమీ ఉండదు, అదే అందులోని సుఖం. బాబాయి పొద్దున్నే రేవులో కొన్న చేపల్ని రాయి మీద తోమేవాడు, చిన్నమ్మ ఇసుకలో రాళ్ళు పాతి, వాటి మీద స్టవ్వు నిలిపి పులుసు పెట్టేది, గాలికి స్టవ్వు ఆరిపోకుండా మేము దుప్పటి పట్టుకుని నిలబడేవాళ్ళం, అయినా ఎవరి పళ్ళెంలో చూసినా కాస్త ఇసుక కరకరలాడేది. తిన్నాక మగవాళ్ళు చాప మీద పేకాట, పిల్లలం అలలు వెనక్కి తీసేటప్పుడు బొరియల్లోకి దూరే ఎండ్రకాయల వెంట పరుగు. చిన్నమ్మ మాత్రం సముద్రానికి వీపు పెట్టి, భూమి వైపు తిరిగి కూర్చునేది. ఖతర్ వచ్చేదాకా ఆవిడ సముద్రాన్ని చూడలేదు.

"గన్ని నీళ్ళు చూత్తె నాకు కండ్లు తిరుగుతయక్కా. నువ్వు చూడు, చూసి నాకు చెప్పు" అనేది.

అమ్మ ఆవిడ పక్కనే, ఎదురు దిక్కుకి తిరిగి కూర్చునేది. ఒకరు నీళ్ళు చూస్తూ, ఒకరు ఇసుక చూస్తూ, భుజాలు ఆనించుకుని పొద్దు వాలేదాకా మాట్లాడుకునేవారు. పిల్లలు కలగని చిన్నమ్మ మా జడలు అల్లుతూ మాట్లాడేది. అమ్మకి ఇక్కడ అక్కచెల్లెళ్ళెవరూ లేరు. ఆ రెండు భుజాల మధ్య ఏముందో అప్పుడు నేను లెక్కలోకి తీసుకోలేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు బాబాయి పని చేసే సైటు ముగిసింది. కొత్త పని దొరకలేదు. రెండు వారాల్లో వెళ్ళిపోవాలన్నారు. అమ్మ ఆ కబురు విన్న రోజే వంటింట్లోకి వెళ్ళి చిన్నమ్మ సామాను వెతకడం మొదలుపెట్టింది. పరాయి వస్తువు ఇంట్లో ఉంచుకోవడం అమ్మకి తెలియని పని. అలమరలన్నీ దింపించి, నా చేత పేర్లు చదివించి, చింతపండుతో తోమి, చిన్నమ్మవన్నీ ఒక అట్టపెట్టెలో సర్దింది. దేన్నీ ఖాళీగా పెట్టలేదు. గిన్నెల్లో జంతికలు, డబ్బాలో కజ్జికాయలు. చివరి శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళు భోజనానికి వచ్చారు. తిన్నాక అమ్మ ఆ పెట్టెని గర్వంగా హాల్లోకి జరిపింది.

"అన్నీ ఉన్నాయి సరోజా. చూసుకో, ఒక్క చెంచా కూడా తగ్గలేదు."

చిన్నమ్మ పెట్టెలోకి చూసింది. ఒక్కో మూతా తీసి చూసింది. ముఖం చిన్నబోయింది.

"ఏందక్కా, ఒక్కటి గూడ ఉంచుకోకుంట అన్ని ఇచ్చేత్తన్నవ్. నాతోటి లెక్క తెంపుకుంటున్నవా?"

అమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో, అదేం మాటే! నీ సామాను నీకు అప్పజెప్పొద్దూ? రేపు అక్కడ గిన్నె కనపడకపోతే నన్ను తిట్టుకుంటావు కదే."

"తిట్టుకుంటనే గదక్కా నిన్ను యాది చేసుకునేది!"

కింద బాబాయి పికప్ హారన్ కొట్టి, "యల్లా, దిగుండ్రి!" అని కేకేశాడు. చిన్నమ్మ పెట్టెలోంచి ఈ డబ్బా తీసింది. కజ్జికాయలన్నీ పేపర్లోకి ఒంపుకుని మూటకట్టుకుంది. డబ్బా పట్టుకుని తిన్నగా మా వంటింట్లోకి వెళ్ళింది. మా చక్కెర సీసా మూత తీసి, మా చక్కెరే పిడికెడు డబ్బాలో పోసి, మూత బిగించి, అమ్మ చేతిలో పెట్టింది.

"ఇగో, నేను ఖాళీగ ఇయ్యలే. ఇగ నీ వంతు."

అమ్మ ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది కూడా కావచ్చు, నాకు చక్కెర ఒలికిన నేలే గుర్తుంది.

ఆ తరవాత డబ్బా విమానాలెక్కింది. జగిత్యాల వైపు క్యాంపు మనిషి ఎవరైనా సెలవు మీద వెళ్తున్నాడని తెలిస్తే చాలు, అమ్మ నిలవుండే పిండివంటలు చేసి డబ్బా నింపి, గుడ్డ కట్టి కుట్టేసి, అతని సంచీలో పెట్టించేది. కొన్ని నెలలకి అతనో, అతని ఊరివాడో తిరిగొచ్చేటప్పుడు డబ్బా తెచ్చేవాడు. సకినాలో, గరిజెలో, మామిడి తొక్కో ఉండేవి. మా కజ్జికాయలు వెళ్ళి వాళ్ళ గరిజెలు వచ్చినప్పుడు అమ్మ పక్కనే పెట్టి చూసి, రెండూ ఒకటేనని మళ్ళీ నిర్ధారణ చేసుకునేది. ఆ ఊళ్ళో దాన్ని దుబాయి డబ్బా అంటారట. అది ఎన్నడూ దుబాయి మొహం చూడలేదు. "ఖతరు, దుబాయి మా వాడకట్టుకు ఒక్కటే బిడ్డా" అని చిన్నమ్మ ఫోన్లో నవ్వేది. రాజేశం బాబాయి చనిపోయిన ఏడు కూడా డబ్బా ఆగలేదు. పండగ చెయ్యకూడదు కనక చిన్నమ్మ అందులో పసుపు కొమ్ములు నింపి పంపింది.

ఆఖరుసారి డబ్బా సకినాలతో వచ్చింది. వంతు అమ్మది. కానీ అమ్మకి అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. ఓపిక వచ్చాక చేస్తానంది. ఓపిక రాలేదు. నాన్న ఉద్యోగం చాలించి కాకినాడ వెళ్ళేటప్పుడు అమ్మ సామాను నా ఇంటికి వచ్చింది, దానితో ఇదీ వచ్చింది. అమ్మ పోయి ఏడాది గడిచాక, మొదటి పండగకి, నేను జంతికలు చేసి డబ్బా తోమి ఆరబెట్టి, చిన్నమ్మకి ఫోన్ చేశాను.

"పంపకు బిడ్డా" అంది ఆవిడ.

"అదేమిటి చిన్నమ్మా, అమ్మ వంతు ఉండిపోయింది కదా."

"నువ్వు నింపి పంపుతె నేను నింపి పంపాలె గద. చేతి ఏళ్ళు వంగుతలేవు. సకినం చుట్టరాత్తలేదు."

"ఏమీ పెట్టకు. ఖాళీగానే పంపు, నేనేమనుకోను."

"నువ్వనుకోవు. మీ అమ్మ అనుకోదా?" అని, తనే మళ్ళీ అంది. "నీ కాడనే ఉండనియ్యి. నా లెక్కల మీరింక బాకి ఉన్నట్టే. గట్లనే ఉండాలె."

ఆ జంతికలు మేమే తిన్నాం. ఇప్పుడు అల్ ఖోర్‌కి వెడల్పు రోడ్డు పడింది, కిటికీలోంచి లెక్కపెట్టడానికి చాలా ఉన్నాయి కాని మా పిల్లలు ఫోన్లు చూసుకుంటారు. మా ఇంటికి వచ్చేవాళ్ళు ముందే గ్రూపులో ఎంతమందో రాసేస్తారు కనక గుమ్మం దగ్గర ఎవరూ నిలబడక్కర్లేదు. నేను మాత్రం ఇప్పటికీ వెళ్ళి ఒకసారి చెప్పులు చూసి వస్తాను. భోజనాలయ్యాక మిగిలిన కూర, పులిహోర ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది ఇచ్చేస్తాం. వాటి మీద పేరుండదు, వాటిని ఎవరూ తిరిగి ఇవ్వరు, అడగరు.

ప్రతి దసరాకీ చిన్నమ్మ తనే ఫోన్ చేస్తుంది. కుశలాలకి ముందు ఒకటే ప్రశ్న, "నా డబ్బా పైలమే గద?" అని. పైలమే, భద్రంగా ఉంది అంటాను. ఇందాక దింపినప్పుడు కిందటేటి చక్కెర గడ్డకట్టి ఉంది. దాన్ని టీలోకి తీసేసి, తుడిచి, కొత్తగా పిడికెడు పోసి మూత బిగించాను. వంటకి సంబంధించిన లెక్క ఏదైనా తేలేదాకా నాకు నిద్రపట్టదు. ఈ ఒక్కటి తేల్చడం లేదు. సరోజ చిన్నమ్మకి మేము ఇవ్వాల్సింది, నేటికి: డబ్బా ఒకటి, నిండుగా.