బార్‌లో పాడిన శోకం

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా పసుపు కల్లం శ్మశానం పక్కనే ఉండేది. ఎండబెట్టిన కొమ్ములకు కాపలాగా అక్కడ ఎన్ని సీజన్లు ఒంటరిగా పడుకున్నానో లెక్కలేదు. పందులు తప్ప ఏదీ రాలేదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా నేను దయ్యం కథ అనను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదంటే భయపడి కాదు, సిగ్గుపడి.

తొంభైల మొదట్లో ఆర్మూర్ మార్కెట్ వెనక ఒక రేకుల షెడ్డులో బార్ ఉండేది. పసుపు సీజన్‌లో అంగడి రోజు మధ్యాహ్నం ఓనర్ అక్కడ మైకు పెట్టించేవాడు. ఎవరైనా లేచి పాడవచ్చు. వేల్పూర్ నుంచి, కమ్మర్‌పల్లి నుంచి పసుపు తెచ్చినవాళ్లు అమ్మకం కాగానే అక్కడ చేరేవారు. పాట నచ్చితే ఈలలు, ఒక గ్లాసు మందు, ఒక ప్లేటు ఉడికించిన శనగ గుడాలు.

నేల మీద ఒలికిన మందు, కాలికి గుచ్చుకునే చేప ముళ్లు, మూలన ఎవడో కక్కిన కంపు. కానీ అప్పుడు వారమంతా ఆ మధ్యాహ్నం కోసమే ఎదురుచూసేవాణ్ని. జానపదాలు పాడతానని నాకు పేరున్న చోటు అదొక్కటే.

మా అమ్మ లసుమవ్వను నేను అవ్వ అనే పిలిచేవాణ్ని. శోకాలు కట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు ఏడుస్తూనే పాట కడతారు. ఎవరి శోకం వాళ్లదే, ఇంకొకరికి పాడరు. దినాలు అయిపోయాక దాన్ని మళ్లీ నోట తేకూడదు. తెస్తే పోయినవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారని అంటారు. నేను దానికీ నవ్వేవాణ్ని.

మా అక్క గంగామణి పందొమ్మిదేళ్లకే కామెర్లతో పోయింది. నెల రోజులు మంచం మీదే ఉండడంతో జడ అట్టలా చిక్కుపడింది. చివరి స్నానం చేయించేటప్పుడు అవ్వ చిక్కు తీయాలని చాలాసేపు చూసింది. రాలేదు. అలాగే ముడివేసి పంపింది. ఆ రోజు అవ్వ కట్టిన శోకంలో ఒక మాట ఉంది.

"నీ జడ సిక్కు ఎవలు దీస్తరే బిడ్డా..."

నిజంగానే చిక్కు తీయకుండా పంపామని తెలిసింది అవ్వకు, నాకు, మా పెద్దమ్మకు మాత్రమే. పెద్దమ్మ మరుసటి ఏడాదే పోయింది.

అక్క పోయిన నాలుగేళ్లకు, ఒక అంగడి రోజు బార్‌లో కొత్త పాట కావాలని గోల చేశారు. నా దగ్గర పాటలు అయిపోయాయి. తాగి ఉన్నానని చెప్పుకోవచ్చు గానీ, అంత తాగలేదు. అక్క శోకం తీసి, దరువు పెంచి, 'బిడ్డా' అన్నచోటల్లా 'పిల్లా' అని పెట్టాను. ఎవరు తీస్తారన్న చోట నేను తీస్తానన్నాను, కన్ను కొడుతూ. షెడ్డు ఊగిపోయింది. ఒకడు బల్లెక్కి గంతులేశాడు. నా మీద నాకు ఇంత రోత ఇంకెప్పుడూ కలగలేదు, కానీ అది కలిగింది తర్వాత. ఆ నిమిషంలో మాత్రం నాకు మహా సంతోషంగా ఉంది.

రెండోసారి ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నేను పాట ఆపి మైకు కింద పెట్టాను. ఇది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ చేత్తోనే గ్లాసు అందుకున్నాను.

షెడ్డు పైన, మార్కెట్ వైపు తిప్పి కట్టిన లౌడ్‌స్పీకర్ పలికింది. ఆడగొంతు. ఒక్కటే మాట.

"అవ్వా, నా జడ సిక్కు గట్లనే ఉన్నదే."

తాగినవాళ్లు అదీ పాటే అనుకుని ఈల వేశారు. మైకు సెట్టు నర్సయ్య ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"కరెంటు లేదు భై. బ్యాటరీ పెండ్లికి ఇచ్చిన. గిదెట్ల మోగుతున్నది?" అన్నాడు. ఆ సాయంత్రమే పెట్టె మొత్తం విప్పి చూశాడు. ఏమీ దొరకలేదు.

నర్సయ్య ఆ మాట అంటుండగానే అవ్వ వచ్చింది. మార్కెట్‌లో పసుపు కొమ్ములు, గుండ్రటి మండ దుంపలు వేరు చేసే కూలికి పోయేది. మోచేతుల దాకా పసుపు. జన్మలో బార్ గడప తొక్కని మనిషి లోపలికి వచ్చి, వంగి బల్లల కింద వెతికింది.

"ఏడున్నదిరా అది? ఇప్పుడే నన్ను పిలిచింది గదా!"

మార్కెట్ యార్డు గోలలో ఆమెకు నా పాట వినపడలేదు. ఆ ఒక్క మాటే వినపడింది. అక్క శోకం పాడానని ఒప్పుకున్నాను. ఎలా పాడానో చెప్పలేదు. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"మల్ల అంగడికి గదే పాట పాడు కొడుకా. జర మంచిగ పాడు. అదొస్తది."

ఆ వారం అవ్వ ముఖంలో వెలుగు చూడలేక చచ్చాను. మళ్లీ అంగడి రోజు స్నానం చేసి, కొంగులో దువ్వెన, చిన్న సీసాలో కొబ్బరినూనె కట్టుకుని వచ్చి గడప దగ్గర కూర్చుంది. పక్కనే ఎవడో ఉమ్మితే కాళ్లు కొంచెం లోపలికి లాక్కుంది, అంతే.

అవ్వ కట్టినది కట్టినట్టు పాడాను. రెండు చరణాలు కాలేదు, వెనక నుంచి అరిచారు.

"గది గాదు భై, పిల్ల పాట కొట్టు!"

నేను ఆగేసరికి వాళ్లే అందుకున్నారు. వారంలోనే అందరికీ నోటికి వచ్చేసింది. ఒకడు ఇంకొకడి జుట్టు పట్టుకుని దువ్వినట్టు ఆడుతున్నాడు. అవ్వ మొత్తం విన్నది. తర్వాత నా వైపు చూసింది.

"గిది నువ్వే నేర్పినవా?"

తల ఊపాను. కొంగు ముడి విప్పకుండానే లేచి వెళ్లిపోయింది. లౌడ్‌స్పీకర్‌లో వాళ్ల గొంతులు తప్ప ఇంకేమీ రాలేదు.

నేను మళ్లీ ఎక్కడా పాడలేదు. అవ్వ ఇంకో ఆరేళ్లు బతికింది. వేళకు అన్నం పెట్టింది, మాట్లాడింది, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. మంచాన పడ్డాక చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లకు, నేను పక్కన ఉండగానే చెప్పింది.

"నేను వోయిన్నాడు ఎవ్వలు శోకం దియ్యకుండ్రి. మావోడు ఇని నేర్చుకుంటడు."

వాళ్లు ఆమె మాట నిలబెట్టారు. ఊళ్లో అందరికీ శోకాలు కట్టిన మనిషి మా ఇంట్లో నుంచి చప్పుడు లేకుండా వెళ్లింది. పాడె లేపేదాకా నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆ రోజు లౌడ్‌స్పీకర్‌లో మాట్లాడింది ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ గొంతు అవ్వ కోసమైనా మళ్లీ వస్తుందనుకున్నాను. రాలేదు.