హాజరు పట్టీలో ఉన్న పేరు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టరుకూ పక్క క్వార్టరుకూ మధ్య ఒక్కటే గోడ. మా నాన్న బొగ్గుబావి ఆఫీసులో గుమస్తా. మంథని నుంచి వచ్చిన పూజారుల కుటుంబం మాది. నేను బాబాయి వరసతో పిలిచే పక్కింటి కాక బావి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. వాళ్లు క్రైస్తవులు. ఎన్ని ప్రార్థనలు చేసినా మా నానమ్మ లెక్కలో మాత్రం అంటరానివాళ్లే. కాక కూతురిని నేను అక్కా అని పిలిచేదాన్ని. మిషను దవాఖానలో నర్సు చదువు ముగించుకుని ఆమె అప్పుడే ఇంటికి వచ్చింది.

ఆ ఏడు వానాకాలంలో బావిలో కప్పు కూలి ముగ్గురు అవతల చిక్కుకుపోయారు. కాక కర్రతో కప్పును తట్టి, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ బోలుగా ఉందో చప్పుడును బట్టి తెలుసుకుంటూ, దుంగ తర్వాత దుంగ నిలబెడుతూ, పాక్కుంటూ పోయి ముగ్గురినీ బయటికి తెచ్చాడు. దేవుడే కాపాడాడని కాలనీ అంతా అంది. కాపాడేవాడే అయితే కప్పునే ఆపేవాడు కదా అని నేనంటే మా నానమ్మ నా నోరు మూసింది. దేవుడికి పోగా మిగిలిన పేరు ఆ షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌కు దక్కింది.

భద్రతా వారోత్సవాల సభలో చదివే నివేదికను శుభ్రంగా తిరగరాయడం ఏటా నా పని. నా అక్షరాలు బాగుంటాయని నాన్నకు గర్వం. ఆయన చిత్తుప్రతిలో 'ఓవర్‌మన్ గారి నాయకత్వంలో సిబ్బంది ముగ్గురిని రక్షించారు' అని ఉంది. నేను పక్కింటి అరుగు మీద కూర్చుని అదే వాక్యాన్ని గుండ్రంగా రాశాను. ఏమీ అనిపించలేదు. పొద్దున బడి పిల్లలం ప్రదర్శనలో చూసిన ముసుగు మీదే ఉంది నా ధ్యాస. పొగలో, విషవాయువులో మనిషికి ఊపిరి నిలిపే ముసుగు అది. దాన్ని ఎవరు కనిపెట్టారని అక్కను అడిగాను.

"ఆయన ఎట్లుంటడో ముందుగాల బొమ్మ గీయి. అటెన్క చెప్త," అంది అక్క.

టోపీ, కోటు, కోటేరు ముక్కు ఉన్న దొరను గీశాను. చేతులకు కట్లతో మంచం మీద కూర్చున్న కాక తొంగి చూశాడు. "మంచిగ గీసినవ్ బిడ్డా. మా మేనేజరు సారు తీరుగనే ఉన్నడు."

"టోపీ మంచిగనే ఉన్నది, మనిషే మారిండు," అని అక్క నవ్వి, దవాఖాన గ్రంథాలయంలో చదివిన సంగతి చెప్పింది. అలాంటి ముసుగుల్లో తొలినాటిదాన్ని చేసినవాడు అమెరికాలో ఒక నల్లజాతి మనిషి. అతని తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. నల్లవాడు చేసిన సరుకు తెల్లవాళ్లు కొనరని అతనికి తెలుసు. అందుకని ఒక తెల్లవాణ్ణి తెచ్చి, ఇది చేసింది ఇతనేనని జనం ముందు నిలబెట్టేవాడు. తాను అమెరికా ఆదివాసీలా వేషం కట్టి, ముసుగు తొడుక్కుని, పొగ నిండిన గుడారంలోకి వెళ్లి వచ్చేవాడు. తర్వాత ఒక సరస్సు కింద తవ్వుతున్న సొరంగంలో పేలుడు జరిగితే అతనే లోపలికి దిగి మనుషులను మోసుకొచ్చాడు. పతకాలు వేరేవాళ్లకు వెళ్లాయి. ముసుగు చేసింది నల్లవాడని బయటపడ్డాక దక్షిణాదిన కొన్ని ఊళ్లు తమకు ఆ ముసుగులే వద్దన్నాయి.

"ఊపిరి కంటె రంగే ఎక్కువైంది వాళ్లకు," అంది అక్క.

"అది అమెరికా కదక్కా," అన్నాను.

"అవు, అమెరికనే. ఇగ నువ్వు రాసింది సదువు. మా నాయిన ఇంటడు."

చదివాను. కాక చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. "గా నాయకత్వమనేటాయన నాకు లోపట కనవడలే బిడ్డా. చీకటి గదా," అన్నాడు. ఆయన నవ్వాడు, అక్క నవ్వింది. నేను తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రం నాన్న ముందు మొండికేశాను. కాక పేరు లేని నివేదిక నేను రాయనన్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. మా నాన్న చెడ్డవాడు కాదు. చిత్తుప్రతి నా చేతికిచ్చి, సరే రాయమన్నాడు. తీరా కలం పట్టుకుంటే, గోడ పక్కన అన్నేళ్లున్న మనిషి పేరు నాకు తెలియదు. నాన్ననే అడిగాను. కాసేపు తటపటాయించి, చివర 'రావు' అని ఉన్న పేరొకటి చెప్పాడు. "రికార్డుల ఉన్నదే పేరమ్మా," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకప్పుడు తట్టలేదు. ఆ పేరును మిగతా అక్షరాల కంటే కాస్త పెద్దగా రాశాను. అమెరికా చెయ్యలేనిది నేను చేశాననుకున్నాను.

సభలో ఆ పేరు చదివారు. కాక లేవలేదు. మళ్లీ చదివారు. పక్కనున్నవాళ్లు మోచేత్తో పొడిస్తే లేచి, వేదిక ఎక్కి, శాలువా కప్పించుకుని దిగాడు. అక్క సభ మధ్యలోనే బయటికి వెళ్లిపోయింది. వెంట పరుగెత్తాను.

అప్పుడు చెప్పింది. ఆ పేరు వాళ్ల ఊరి దొర కొడుకుది. నౌకరి కాగితం అతనికి వచ్చింది, బొగ్గులోకి దిగనన్నాడు. తన పేరుతో ఎప్పటికీ పిలుపు రాని కాక, ఆ పేరుతో దిగాడు. అప్పటినుంచి కాక చేసిన ప్రతి షిఫ్టూ హాజరు పట్టీలో దొర కొడుకుదే.

"ఇప్పుడు ముగ్గురి పానాలు కాపాడింది సుత ఆయన్నే అయిండు," అంది అక్క. "మా నాయిన నీ పక్కకే కూసున్నడు గద చెల్లె. నీ పేరేందని ఒక్కమాట అడగకపోతివి."

అందరికీ చెప్పేస్తానన్నాను ఏడుస్తూ.

"చెప్తే నౌకరి పోతది. ఊకో."

ఊరుకున్నాను. కాక పదవీ విరమణ చేసినప్పుడూ మైకులో దొర కొడుకు పేరే వినిపించింది. అప్పుడూ ఊరుకున్నాను.

అమెరికాలో కొన్నిచోట్ల నల్లజాతి చరిత్ర బడిలో ఎంతవరకు చెప్పాలో కట్టడి చేస్తున్నారని ఈమధ్య పెద్దపల్లిలో ఒక సభ జరిగింది. కుర్రాళ్లు కోపంగా, బాగా మాట్లాడారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ అన్యాయం చేయడానికి ప్రతిసారీ దుర్మార్గుడు అక్కర్లేదని నాకు పన్నెండేళ్లప్పుడే తెలిసింది. మంచి తండ్రి, ఆయన దాటలేని పట్టీ, శుభ్రంగా రాసే కూతురు ఉంటే చాలు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ద్వేషించలేదు. కాక పేరు మాత్రం పోయింది.

ఆనాటి నుంచి ఎవరి గురించి రాసినా ముందు వాళ్లనే అడుగుతున్నాను. మొదట పేరు అడిగింది కాకనే. ఇది రాసేముందు అక్కకు ఫోను చేశాను. కాక పోయి చాలా ఏళ్లయింది కదా, ఆయన సొంత పేరు ఇప్పుడైనా రాయనా అని అడిగాను.

"మా అమ్మకు పింఛను ఇంక ఆ పేరు మీదనే వస్తున్నది చెల్లె. వద్దు," అంది.

కాక సొంత పేరు నాకు తెలుసు. రాయడం లేదు.